చిరునామా వెతుక్కునే మందు

వరిచేలో కలుపు తీయడం మీలో చాలామంది చూసే ఉంటారు. కొన్ని కలుపు మొక్కల్ని చూడగానే పోల్చుకోవచ్చు. కాని ఊద అనే గడ్డి ఉందే, అది మహా టక్కరిది. లేతగా ఉన్నప్పుడు అచ్చం వరి దుబ్బులాగే కనిపిస్తుంది. అనుభవం ఉన్నవాళ్ళు ఆకు మొదలు చూసి దాన్ని గుర్తుపడతారు. ఆకు కాండాన్ని అంటుకునే చోట వరికి పల్చని పొర ఒకటి ఉంటుంది. ఊదకు ఆ పొర ఉండదు.

ఇప్పుడు ఆ చేలో గడ్డిజాతి మొక్కలన్నిటినీ చంపే మందు చల్లామనుకోండి. ఊద చస్తుంది, దానితోపాటు వరీ చస్తుంది. ఎందుకంటే వరి కూడా గడ్డిజాతి మొక్కే!

కేన్సర్ వైద్యంలో డాక్టర్లకు ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇలాంటిదే. ఆ చిక్కును విప్పడానికి శాస్త్రజ్ఞులు పట్టుకున్న ఒక దారి గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మన కణమే, మన మాట వినదు

మన శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉన్నాయి. ప్రతి కణమూ ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు చనిపోవాలో ఒక కట్టుబాటు ఉంది. ఆ ఆజ్ఞలన్నీ కణంలోని డి.ఎన్.ఎ.లో ఉంటాయి. డి.ఎన్.ఎ.లో కొన్ని మార్పులు పోగుపడినప్పుడు ఒక కణం ఆ కట్టుబాటు తప్పి, ఆగకుండా విభజన చెందుతూ పోతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అలా పెరిగిన గుంపే కణితి. ఆ కణాలు పక్క భాగాల్లోకి చొచ్చుకుపోయి, రక్తం వెంట దూరప్రాంతాలకు కూడా పాకగలిగితే అది కేన్సర్. మన పెద్దవాళ్ళు దీన్నే రాచపుండు అనేవారు.

మలేరియా వంటి జబ్బుల్లో శత్రువు బయటినుంచి వస్తుంది. అందుకే దాన్ని మాత్రమే దెబ్బతీసే మందును వెతకడం కొంత సులువు. కేన్సర్ కణం మాత్రం మన కణమే. అందుకే అది అంటువ్యాధి కాదు, అందుకే దాన్ని వేరుచేసి కొట్టడం కష్టం.

కణితి ఒకే చోట ఉంటే శస్త్రచికిత్స చేసి తీసివేయవచ్చు, లేదా కిరణాలతో కాల్చవచ్చు. అది శరీరమంతా పాకినప్పుడు మందు కావాలి. కేన్సర్ మందుల్లో చాలా పాతవి ఒకే సూత్రంమీద పనిచేస్తాయి: ‘త్వరత్వరగా విభజన చెందే కణాన్ని చంపు.’ కాని త్వరగా విభజన చెందే మంచి కణాలు కూడా మనలో ఉన్నాయి. జుట్టు మొదళ్ళలోనివి, పేగు లోపలి పొరలోనివి, ఎముక మూలుగలో రక్తాన్ని తయారుచేసేవి అలాంటివే. మందు వీటినీ కొడుతుంది. రోగికి జుట్టు ఊడటం, నోరు పూయడం, రక్తకణాలు తగ్గిపోవడం అందువల్లనే. మీ తరగతిలోనో, మీ వీధిలోనో ఎవరైనా చికిత్సలో జుట్టు పోగొట్టుకుంటే, అది వ్యాధి చేసిన పని కాదని, మందు చేసిన పని అని తెలుసుకోండి. చికిత్స ముగిశాక చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది.

ఒక తెలుగు శాస్త్రజ్ఞుని దొంగ తాళంచెవి

ఈ మందుల చరిత్రలో మనవాడొకడు ఉన్నాడు. ఆయన 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా వెళ్ళి లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించాడు. కణం కొత్త డి.ఎన్.ఎ. తయారుచేసుకోవాలంటే ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ అవసరం. సుబ్బారావు బృందం ఈ విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. తరువాత దాన్ని పోలినట్లే ఉండి, దాని పని చేయని పదార్థాలను కూడా తయారుచేసింది. ఇది తాళంలో దూరి తిరగకుండా ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి వంటిది. కణం దాన్ని విటమిన్ అనుకొని లోపలికి తీసుకుంటుంది. ఆ తరువాత డి.ఎన్.ఎ. తయారీ ఆగిపోతుంది.

అలాంటి పదార్థాల్లో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తకేన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చాడు. అప్పటిదాకా ఆ పిల్లలకు ఏ మందూ లేదు. 1948లో ఆయన ఫలితాలు ప్రకటించాడు. 16 మందిలో 10 మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ మేలు తాత్కాలికమే. అయినా మందుతో కేన్సర్‌ను వెనక్కి నెట్టవచ్చునని ప్రపంచానికి తెలిసింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది.

కాని ఈ దొంగ తాళంచెవికి కూడా ఏ ఇంటి తాళంలో దూరాలో తెలియదు. డాక్సోరూబిసిన్ అనే మరో మంచి మందు ఉంది. అది గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. అందుకని ఒక రోగికి జీవితం మొత్తంమీద ఇంతకు మించి ఇవ్వకూడదని డాక్టర్లు లెక్క పెట్టుకుంటారు. వ్యాధి ఇంకా మిగిలే ఉన్నా మందు ఆపవలసి రావచ్చు.

అంటే మనకు మందు కరువు కాదు, చిరునామా కరువు. మందును ఒక పొట్లంలో కట్టి, కణితి దగ్గరే ఆ పొట్లం విప్పుకునేలా చేయగలిగితే?

పొట్లం కట్టడానికి గొలుసులు

ఈ పొట్లం దేనితో కట్టాలి? శాస్త్రజ్ఞులు ఎంచుకున్న వాటిలో ఒకటి పాలిమర్. ఒకేరకం చిన్న అణువులు ఒకదానికొకటి తగులుకొని ఏర్పడ్డ పొడవాటి గొలుసునే పాలిమర్ అంటారు. బంతిపూలు గుచ్చితే దండ అయినట్లు అన్నమాట. మీ చొక్కాలోని నూలు, మీరు తినే అన్నంలోని పిండిపదార్థం, పాలిథిన్ సంచి, ఇవన్నీ పాలిమర్లే.

పాలిథిన్‌ను శరీరంలోకి పంపితే అది కరగదు, అక్కడే పడి ఉంటుంది. పని అయిపోయాక దానంతట అది విడిపోయే గొలుసు కావాలి. అలాంటివి శస్త్రవైద్యుల దగ్గర ఉన్నాయి. లోపలి గాయాలు కుట్టడానికి వాళ్ళు వాడే కొన్ని దారాలను మళ్ళీ విప్పనక్కరలేదు. కొన్ని వారాలలో అవే కరిగిపోతాయి. లాక్టిక్ ఆమ్లం, గ్లైకాలిక్ ఆమ్లం అనే రెండు చిన్న అణువులను గుచ్చి తయారుచేసిన గొలుసులు అవి. లాక్టిక్ ఆమ్లం పెరుగుకు పులుపునిచ్చేది. గ్లైకాలిక్ ఆమ్లం చెరకురసంలో ఉండేది. శరీరంలోని నీరు ఈ గొలుసు లంకెలను ఒక్కొక్కటే తెంపుతుంది. వచ్చిన ముక్కలు చివరకు నీరు, కార్బన్ డై ఆక్సైడ్‌గా మారి బయటికి పోతాయి. ఈ పాలిమర్‌కు పి.ఎల్.జి.ఎ. అని పొట్టిపేరు. రెండు ఆమ్లాల పాళ్ళు మార్చి, అది త్వరగా కరగాలో నెమ్మదిగా కరగాలో మనమే నిర్ణయించవచ్చు.

ఎంత చిన్నది?

పొట్లం ఎంత ఉండాలన్నది చాలా ముఖ్యం. ఇక్కడ నానోమీటరు అనే కొలత కావాలి. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. ఎర్ర రక్తకణం వెడల్పు సుమారు 7,500. మనం చెప్పుకునే పొట్లం సాధారణంగా 100 నానోమీటర్లు. అంటే ఒక్క ఎర్ర రక్తకణం వెడల్పులో 75 పొట్లాలను వరసగా పేర్చవచ్చు! వీటిని నానోరేణువులు అంటారు.

ఇంత చిన్నవి ఎందుకు? ఒక లెక్క చేద్దాం. 1 మిల్లీమీటరు భుజం ఉన్న ఘనం తీసుకోండి. దాని ఉపరితలం 6 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని 100 నానోమీటర్ల భుజం గల ఘనాలుగా కోస్తే, ఒక్కో భుజంమీద 10,000 ముక్కల చొప్పున మొత్తం లక్ష కోట్ల ముక్కలు వస్తాయి. అన్నిటి ఉపరితలం కలిపితే 60,000 చదరపు మిల్లీమీటర్లు, అంటే 600 చదరపు సెంటీమీటర్లు. ఆవగింజకన్నా చిన్న తునక, 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కాగితమంత ఉపరితలం ఇచ్చింది. ఉపరితలం పెరిగితే నీటిలో కరగని మందును కూడా రక్తంలో కలిపి పంపవచ్చు. పొట్లం పైన చిరునామా అంటించడానికీ చోటు దొరుకుతుంది.

తయారుచేసే తీరు

ఇంత చిన్న పొట్లాలను ఎవరు కడతారు? వాటంతట అవే కట్టుకుంటాయి! దీన్ని పోలిన వింతను మీరు ఇంట్లోనే చూడవచ్చు. గ్లాసుడు నీళ్ళలో రెండు మూడు చుక్కలు డెట్టాల్ వేయండి. సీసాలో తేటగా ఉన్న ద్రవం నీళ్ళలో పడగానే పాలలాగా తెల్లబడుతుంది. కారణం ఏమిటి? అందులో ఒకరకం నూనె ఆల్కహాలులో కరిగి ఉంటుంది. నీళ్ళలో వేయగానే ఆల్కహాలు నీటితో కలిసిపోతుంది. నూనె నీటిలో కరగదు గదా! అది దిక్కులేనిదై లెక్కలేనన్ని సూక్ష్మమైన బొట్లుగా ముడుచుకుంటుంది. అందులోనే ఉన్న సబ్బు ఆ బొట్లు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఆపుతుంది. (చూసిన తరువాత ఆ నీళ్ళు పారబోసి గ్లాసు శుభ్రంగా కడగండి. తాగకూడదు సుమా!)

ప్రయోగశాలలో జరిగేది ఇంచుమించు ఇదే. పాలిమర్‌ను, మందును కలిపి ఎసిటోన్‌లో కరిగిస్తారు. దాన్ని నీటిని కలియబెడుతూ చుక్కచుక్కగా వేస్తారు. ఎసిటోన్ నీటిలో కలిసిపోతుంది. పాలిమర్ గొలుసులు మందును పొదివి పట్టుకొని గుండ్రంగా ముడుచుకుంటాయి. ఆ తరువాత ఎసిటోన్‌ను ఆవిరిగా తీసివేస్తారు.

దారిపొడవునా కాపలాదారులు

రక్తంలో పడ్డ పొట్లానికి ప్రయాణం సాఫీగా సాగదు. మరీ చిన్నదైతే, అంటే 6 నానోమీటర్లకన్నా తక్కువైతే, మూత్రపిండాలు దాన్ని వడగట్టి బయటికి పంపేస్తాయి. మరీ పెద్దదైతే, అంటే 200 నానోమీటర్లు దాటితే, ప్లీహంలోని సన్నని జల్లెడలో చిక్కుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్నా కాలేయంలోని కాపలా కణాలు వదలవు. రక్తంలోని ప్రోటీన్లు పరాయి రేణువుకు అంటుకొని ‘ఇది మనది కాదు’ అని చాటింపు వేస్తాయి. కాపలా కణాలు దాన్ని మింగేస్తాయి.

దీనికి విరుగుడుగా రేణువు పైన పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మరో పాలిమర్‌ను వెంట్రుకల్లాగా మొలిపిస్తారు. ఈ వెంట్రుకలు నీటిని పట్టి ఉంచుతాయి. రేణువు నీటి దుప్పటి కప్పుకుంటుంది. ప్రోటీన్లు అంత సులువుగా అంటుకోలేవు. 1994లో అమెరికాలో రాబర్ట్ లాంగర్ బృందం ఇలాంటి రేణువులను తయారుచేసి, అవి రక్తంలో ఎక్కువసేపు తిరుగుతాయని చూపింది.

తిరుగుతూ కణితిని ఎలా చేరతాయి? 1986లో జపాన్‌లో మత్సుమురా, మయెదా అనే శాస్త్రజ్ఞులు ఒక సంగతి గమనించారు. కణితి ఆబగా పెరుగుతుంది. దానికి ఆహారం తెచ్చే రక్తనాళాలు హడావిడిగా అల్లిన తడికల్లాగా సందులతో ఉంటాయి. ఆరోగ్యమైన నాళాలనుంచి బయటికి రాలేని పెద్ద అణువులు ఈ సందుల్లోనుంచి కారి కణితిలో నిలిచిపోతాయి. నానోరేణువులకు ఇది పెరటిదారి.

లోపలికి వెళ్ళాక కణం ఆ రేణువును మింగుతుంది. రక్తం స్వల్పంగా క్షారగుణం కలది, దాని పి.హెచ్. 7.4. రేణువును మింగిన సంచి లోపల పి.హెచ్. 5 దాకా దిగుతుంది. ఆ పులుపు తగలగానే విచ్చుకునే పాలిమర్లను కూడా తయారుచేశారు. అంటే తాళం కణం లోపలే తెరుచుకుంటుంది.

మరి చిరునామా మాటేమిటి? ఇక్కడ సుబ్బారావుగారి విటమిన్ మళ్ళీ ఎదురవుతుంది! అండాశయ కేన్సర్ వంటి కొన్ని కేన్సర్ల కణాలమీద ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే కొక్కేలు మామూలు కణాలమీదకన్నా చాలా ఎక్కువ ఉంటాయి. ఊదను పట్టిచ్చే ఆకు మొదలు వంటి గుర్తు ఇది. రేణువుమీద ఫోలిక్ ఆమ్లాన్ని అంటిస్తే ఆ కొక్కేలు దాన్ని పట్టుకుంటాయి. ఇలాంటి రేణువులు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. కాని ఈ గుర్తు పనిచేస్తుందనడానికి సాక్ష్యం ఉంది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అణువుకు మెరిసే రంగును తగిలించిన పదార్థాన్ని 2021లో అమెరికాలో ఆమోదించారు. అండాశయ కేన్సర్ శస్త్రచికిత్సలో అది కణితి ముక్కలను వెలిగించి డాక్టరుకు చూపుతుంది.

రోగిదాకా వచ్చినవి

డాక్సోరూబిసిన్‌ను కొవ్వు బుడగలో పెట్టి, పైన పాలిమర్ వెంట్రుకలు మొలిపించిన మందును 1995లో అమెరికాలో ఆమోదించారు. దానివల్ల గుండెకు హాని తగ్గింది. అయితే కొందరికి అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండే బాధ కొత్తగా వచ్చింది. పొట్లం మందు దారిని మార్చినప్పుడు దుష్ఫలితం కూడా చోటు మారిందన్నమాట.

ఇక పాక్లిటాక్సెల్ కథ వినండి. యూ అనే చెట్టు బెరడులో దొరికిన ఈ మందు నీటిలో కరగదు. ఆముదంనుంచి తయారుచేసిన ఒక ద్రవంలో కలిపి ఎక్కించేవారు, ఇప్పటికీ ఎక్కిస్తారు. ఆ ద్రవం కొందరికి పడదు, తీవ్రమైన అలర్జీ వస్తుంది. ఈ మందును ఆ ద్రవంతో పనిలేకుండా పాలిమర్ రేణువుల్లో ఇమిడ్చి చేసిన ఔషధం 2007లో దక్షిణ కొరియాలో ఆమోదం పొందింది. చిరునామా అంటించకపోయినా, పొట్లం కట్టడంవల్లనే ఇంత మేలు జరిగింది.

వెయ్యిలో ఏడు

ఇక్కడితో ఆపితే మీకు సగమే చెప్పినట్లవుతుంది. పంపిన రేణువుల్లో నిజంగా ఎన్ని కణితిని చేరుతున్నాయి? కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయంలో ఒక బృందం అంతకుముందు పదేళ్ళలో జంతువులమీద జరిగిన ప్రయోగాల ఫలితాలన్నీ పోగుచేసి లెక్క కట్టింది. 2016లో ఆ లెక్క వెలువడింది. దాని మధ్యగతం 0.7 శాతం! వెయ్యి రేణువులు పంపితే ఏడు చేరుతున్నాయి. మిగతావాటిలో ఎక్కువభాగం కాలేయానికి, ప్లీహానికి పోతున్నాయి.

2020లో ఆ బృందమే మరో సంగతి చెప్పింది. ఎలుకల కణితుల్లో రక్తనాళాల సందులు అనుకున్నన్ని లేవు. నాళపు గోడలోని కణాలే రేణువులను ఒకవైపు పట్టి రెండోవైపు వదులుతున్నాయి. అంటే ముప్ఫై ఏళ్ళకు పైగా పుస్తకాల్లో చెప్పుకున్న పెరటిదారి అసలు దారి కాకపోవచ్చు.

ఇది విని నిరుత్సాహపడాలా? అక్కరలేదు. వెయ్యిలో ఏడే చేరుతున్నాయని కొలిచి చెప్పినవాళ్ళు కూడా ఈ రంగంలో పనిచేసే శాస్త్రజ్ఞులే. తమ పనిలోని లోటును తామే కొలవడం విజ్ఞానశాస్త్రం పద్ధతి. కొలవని లోటును సరిచేయలేము. ఏడును డెబ్భై చేయగలిగితే అదే మేలుకు మందు మోతాదు తగ్గించవచ్చు. అప్పుడు గుండె, మూలుగ తేలికపడతాయి. రోగి చికిత్సను మధ్యలో ఆపకుండా చివరిదాకా తట్టుకోగలడు.

ఫార్బర్ మందు ఇచ్చిన ఆ 16 మంది పిల్లల నాటినుంచి నేటిదాకా శాస్త్రజ్ఞులు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: వరిని కాపాడి ఊదను మాత్రమే ఏరడం ఎలా? దీనికి జవాబు సగమే దొరికింది. మిగతా సగం మీలాంటివారి కోసం ఎదురుచూస్తోంది.

ఆలోచించండి

1. 1 మిల్లీమీటరు ఘనాన్ని 200 నానోమీటర్ల భుజం గల ఘనాలుగా కోస్తే ఎన్ని ముక్కలు వస్తాయి? మొత్తం ఉపరితలం ఎన్ని చదరపు సెంటీమీటర్లు?

2. మందు పొట్లాన్ని పాలిథిన్‌తో ఎందుకు కట్టకూడదు?

3. పాలీఇథిలీన్ గ్లైకాల్ వెంట్రుకలు కాపలా కణాలనుంచి రేణువును దాస్తాయి. ఆ వెంట్రుకలే కేన్సర్ కణం రేణువును మింగడానికి అడ్డు కావచ్చునా? అలా అయితే మీరేం చేస్తారు?